హోంవర్క్ వేళ గొడవ: ఏడీహెచ్‌డీ పిల్లలకు కుటుంబ బృంద చికిత్స ఏం చేయగలదు, ఏం చేయలేదు

సాయంత్రం ఏడున్నర. విజయవాడ పటమటలో ఒక అపార్ట్‌మెంట్. నాలుగో తరగతి పిల్లాడు ట్యూషన్ నుంచి వచ్చి, బ్యాగు సోఫా మీద పడేసి, ఒక షూ విప్పి, రెండోది మరిచిపోయి బాల్కనీలోకి పరిగెత్తాడు. వంటింట్లోంచి అమ్మ అడుగుతుంది: "హోంవర్క్ ఉందా?" జవాబు రాదు. రెండోసారి గొంతు పెరుగుతుంది. మూడోసారి, "ఎన్నిసార్లు చెప్పాలిరా, చెవులు పనిచేయట్లేదా?" పిల్లాడు "అబ్బా, చేస్తాలే" అని అరుస్తాడు. పుస్తకం తీస్తాడు, పెన్సిల్ చెక్కుకోవడానికి లేస్తాడు, మళ్ళీ రాడు. తొమ్మిదయ్యేసరికి ఇంటిల్లిపాదికీ తలనొప్పి. ఒకరోజు అమ్మ విసిగిపోయి "నీ ఇష్టం, పో" అని వదిలేస్తుంది. ఇంకోరోజు వీపు మీద ఒకటి వేస్తుంది, వాడు ఏడుస్తూనే నాలుగు లెక్కలు చేసేస్తాడు.

ఇది ఫలానా ఇంటి కథ కాదు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకు, తొందరపాటు ఉండే సమస్య) ఉన్న పిల్లల ఇళ్ళలో కాస్త అటూ ఇటూగా రోజూ నడిచేదే. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దూకుడుగా ఎదురుతిరిగే పిల్లలున్న ఇళ్ళలో ఎవరు ఏమన్నారు, దానికి అవతలివాళ్ళు ఏం చేశారు అన్నది ఏళ్ళ తరబడి నమోదు చేయించి, ఆ పరిశీలనను 1982లో పుస్తకంగా తెచ్చాడు. ఆయన చెప్పింది వింటే చాలా మామూలు విషయంలా ఉంటుంది. అమ్మ వదిలేసిన రోజు, గట్టిగా అరిస్తే పని తప్పుతుందని పిల్లాడు నేర్చుకున్నాడు. అమ్మ కొట్టిన రోజు, కొడితే పని జరుగుతుందని అమ్మ నేర్చుకుంది. ఇద్దరికీ ఫలితం దక్కింది కాబట్టి రేపు వాడు ఇంకాస్త ముందే అరుస్తాడు, ఆమె చెయ్యి ఇంకాస్త ముందే లేస్తుంది. ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఒకరికొకరు తెలియకుండా పాఠాలు చెప్పుకుంటున్న ఇద్దరు అలసిపోయిన మనుషులు ఉన్నారు, అంతే.

కుటుంబ బృంద చికిత్స, అంటే కొన్ని కుటుంబాలను కలిపి కూర్చోబెట్టి చేసే చికిత్స, పట్టుకునేది ఈ తిరుగుడును. పిల్లాడి మెదడును కాదు. ఈ తేడా తెలియకుండా, పన్నెండు వారాలు వెళితే మా వాడు కుదురుగా కూర్చుని చదువుకుంటాడు అన్న ఆశతో చేరితే నిరాశ తప్పదు. ఇంట్లో యుద్ధం తగ్గాలి అన్న ఆశతో చేరితే మాత్రం దక్కేది ఎక్కువే.

ముందుగా జబ్బు సంగతి కొద్దిగా. మన ఇళ్ళలో దీనికి పేర్లు చాలా ఉన్నాయి: కుదురు లేదు, ఒకచోట నిలవడు, పరధ్యానం, కోతి చేష్టలు. వైద్యుల దృష్టికి ఇది కొత్తదేమీ కాదు. 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న అమెరికన్ ప్రమాణం 2013 నాటిది. దాని ప్రకారం అజాగ్రత్తకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గానీ, అతి చురుకు, తొందరపాటుకు సంబంధించిన తొమ్మిదింటిలో గానీ కనీసం ఆరు ఉండాలి. అవి ఆరు నెలలకు పైగా సాగాలి, 12 ఏళ్ళలోపే మొదలై ఉండాలి, ఇల్లూ బడీ లాంటి రెండు చోట్లయినా కనిపించాలి. రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. స్కూల్లో అందరితో బాగానే ఉండి ఇంట్లో మాత్రమే మొండికేసే పిల్లాడికి ఈ పేరు అతికించేముందు వేరే కారణాలు వెతకాలి. ఆడపిల్లల్లో చాలామందికి పరుగులూ గెంతులూ ఉండవు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. అల్లరి చేయరు కాబట్టి డాక్టరు దాకా ఎవరూ తీసుకెళ్ళరు.

ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో ఇది సుమారు 5 శాతం మందిలో ఉంటుందని అంచనా. కారణాల్లో వంశపారంపర్యం వాటా పెద్దది. కవలల అధ్యయనాలను కలిపి చూస్తే అది 74 శాతం దాకా తేలింది. "వీళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే, చెట్టు దిగేవాడు కాదు" అని నాయనమ్మ అనే మాట చాలాసార్లు తెలియకుండా చెప్పిన రోగ చరిత్రే. 2007లో అమెరికాలో జరిగిన మెదడు చిత్రాల అధ్యయనంలో, మెదడు పైపొర మందం గరిష్ఠ స్థాయికి చేరే వయసు మామూలు పిల్లల్లో సుమారు ఏడున్నరేళ్ళయితే, ఏడీహెచ్‌డీ పిల్లల్లో పదిన్నర దగ్గర కనిపించింది. అంటే గారాబం వల్లో ఫోన్ వల్లో అమ్మ ఉద్యోగం వల్లో ఈ జబ్బు రాదు. అలాంటప్పుడు చికిత్సకు తల్లిదండ్రులెందుకు కూర్చోవాలి అన్న ప్రశ్న న్యాయమైనదే. జబ్బు ఇంటివల్ల రాలేదు గానీ, జబ్బు చుట్టూ పేరుకున్న గొడవ ఇంట్లోనే ఉంది. దాన్ని అక్కడే తీయాలి.

వైద్యంలోకి ఇంటిల్లిపాదినీ తెచ్చుకోవడం మన దేశానికి పరాయి ఆలోచన అనుకుంటే పొరపాటు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలోనే డేరాలు వేయించి, రోగుల బంధువులను వాళ్ళతోపాటు ఉంచాడు. 1957లో వెల్లూరు సీఎంసీ మానసిక విభాగం కుటుంబాలు కలిసి ఉండే పద్ధతి మొదలుపెట్టింది. పలు కుటుంబాలను ఒకే గదిలో కూర్చోబెట్టే పద్ధతిని దాదాపు అదే కాలంలో న్యూయార్క్‌లో పీటర్ లాకర్ ప్రయత్నించాడు, తర్వాత లండన్‌లో అది బాగా పెరిగింది.

గదిలో జరిగేది ఇలా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది కుటుంబాలు, వారానికోసారి, గంటన్నర నుంచి రెండు గంటలు, రెండు మూడు నెలల పాటు. కొంతసేపు పిల్లలు ఒక గదిలో, పెద్దలు ఇంకో గదిలో. మిగతా సేపు అందరూ కలిసి. మొదటి రెండు వారాలు పెద్దవాళ్ళు తమ గోడు చెప్పుకోవడంతోనే గడిచిపోతాయి. ఇది వృథా కాదు. పేరెంట్స్ మీటింగ్‌లో తలదించుకుని, పెళ్ళిళ్ళకు వాడిని తీసుకెళ్ళలేక, అత్తగారి మాటలు పడుతూ వచ్చిన తల్లికి, పక్క కుర్చీలో కూర్చున్నావిడ "మావాడూ అంతేనండీ, మొన్న రైతుబజార్లో టమాటాల గంప తోసేశాడు" అంటే కలిగే ఊరట విడిగా డాక్టరు గదిలో ఎంతసేపు కూర్చున్నా దొరకదు.

అసలు పని తర్వాత మొదలవుతుంది. ఇంటికి ఇచ్చే మొదటి పాఠం వినడానికి తేలిక, చేయడానికి కష్టం: రోజూ పావుగంట పిల్లాడితో వాడు చెప్పిన ఆట ఆడాలి. ఆ పావుగంటలో ఏ పనీ పురమాయించకూడదు, ప్రశ్న అడగకూడదు, నేర్పకూడదు. వాడు ఏం చేస్తున్నాడో చూసి మాట్లాడాలి, అంతే. ఇక్కడ మన తల్లిదండ్రులు దాదాపు అందరూ తడబడతారు. కారుబొమ్మ చేతిలోకి రాగానే "ఇదేం రంగు? ఇంగ్లీషులో చెప్పు" అనేస్తారు. ఆట కూడా పరీక్షే అయిపోతుంది.

ఆ తర్వాతిది పని చెప్పే తీరు. మన ఇళ్ళలో పిల్లలకు వినిపించే మాటల్ని కాగితం మీద పెట్టి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. "ఎన్నిసార్లు చెప్పాలి?" "ఇదేనా చదవడం?" "మీ అక్కను చూసి నేర్చుకోకూడదూ?" "ఇట్లా అయితే రేపు ఆటో తోలుకోవాల్సిందే." వీటిలో ఒక్కదానిలోనూ చేయాల్సిన పని లేదు. ధ్యాస జారే పిల్లాడికి వీటిల్లోంచి "లెక్కల పుస్తకం తీసి ముప్పై రెండో పేజీ తెరువు" అన్న పనిని ఏరుకునే ఓపిక ఎక్కడిది? బృందంలో పెద్దలు ఒకరి మీద ఒకరు సాధన చేస్తారు: దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, ఒక్క పని చెప్పి, అది మొదలయ్యేదాకా నోరు మూసుకుని నిలబడడం. ఆఖరిదే అన్నిటికన్నా కష్టం.

పొగడ్త దగ్గర ఇంకో అడ్డు. పిల్లల్ని ఎదురుగా పొగిడితే ఆయుక్షీణం అన్న మాట మనలో ఎంత లోతుగా దిగిందో, దాన్ని నమ్మనివాళ్ళ నోట్లోంచి కూడా "శభాష్" రాదు. నెత్తికెక్కుతాడన్న భయం వేరే ఉంది. బృందంలో దీనికి దొరికే దారి మనిషిని కాకుండా పనిని మెచ్చుకోవడం. "నువ్వు బుద్ధిమంతుడివి" అక్కర్లేదు. "పిలవగానే వచ్చావు, బాగుంది" చాలు. ఇందులో దిష్టి భయమూ లేదు, వాడికి ఏది మళ్ళీ చేయాలో కూడా తెలుస్తుంది.

బహుమతుల విషయంలోనూ ఇంతే. "యాన్యువల్లో ఫస్ట్ వస్తే సైకిల్ కొంటా" అన్న ఒప్పందం ఈ పిల్లల మీద పనిచేయదు. ఆలస్యంగా వచ్చేదాని కోసం ఆగడం వీళ్ళకు మిగతా పిల్లల కన్నా కష్టం. మార్చిలో రాబోయే సైకిల్ జులైలో పెన్సిల్ పట్టించలేదు. అయిదు లెక్కలకు ఒక పాయింటు, పది పాయింట్లకు నాన్నతో బ్యారేజీ దాకా బండి మీద షికారు, అదీ ఆ సాయంత్రమే. ఇది లంచం కదా అని నాన్నలు అడుగుతారు. తప్పు పని చేయడానికి ఇచ్చేది లంచం, చేసిన పనికి ఇచ్చేది కూలి. నెలాఖరు జీతం లేకుండా పెద్దవాళ్ళెవరూ ఆఫీసుకు వెళ్ళరు.

బృందానికే ప్రత్యేకమైన ఒక సాధన ఉంది. కాసేపు పిల్లల్ని మార్చుకుంటారు. ఒకరి కొడుకు దగ్గర ఇంకొకరి అమ్మ కూర్చుని బొమ్మ పూర్తి చేయిస్తుంది. పరాయి పిల్లాడు పెన్సిల్ విసిరితే ఆమెకు కోపం రాదు, "పర్లేదు నాన్నా, తీసుకురా" అంటుంది. పక్క బల్ల దగ్గర తన కొడుకు ఇంకొకావిడతో ఇరవై నిమిషాలు కూర్చోవడం కూడా చూస్తుంది. కొడుకు కూర్చోగలడనీ, తను నెమ్మదిగా మాట్లాడగలదనీ ఒకే పూట తెలుస్తుంది. ఒంటరి కౌన్సెలింగ్‌లో దీన్ని మాటలతో నమ్మించాలి, ఇక్కడ కళ్ళముందే జరుగుతుంది. బృంద పద్ధతికి ఇంతకన్నా బలమైన సమర్థన వేరే అక్కర్లేదనిపిస్తుంది.

ఇక ఫలితాల లెక్క. 1999లో ఫలితాలు వెలువడిన అమెరికా అధ్యయనం ఎంటీఏలో 7 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 579 మందిని నాలుగు వర్గాలు చేసి 14 నెలలు చూశారు. ప్రవర్తన చికిత్స, అంటే మందు లేకుండా ఇలాంటి శిక్షణ ఇచ్చిన వర్గంలో తల్లిదండ్రులకు 27 బృంద సమావేశాలు, 8 విడి సమావేశాలు, దాంతోపాటు 8 వారాల వేసవి శిబిరం కూడా ఉన్నాయి. ఇంత చేసినా ఏకాగ్రత, అతి చురుకు విషయంలో జాగ్రత్తగా ఇచ్చిన మందులే మెరుగ్గా పనిచేశాయి. రెండూ కలిపిన వర్గంలో తల్లిదండ్రులతో సంబంధం, ఎదురుతిరగడం లాంటివాటిలో కొంత అదనపు మేలు కనిపించింది, మందు మోతాదు కూడా తక్కువ సరిపోయింది. ఆ వర్గంలోనే, కొట్టడం తిట్టడం బాగా తగ్గించిన ఇళ్ళ పిల్లలు బడిలో మిగతా తోటివాళ్ళకు దాదాపు సమానంగా మెలిగారని టీచర్లు చెప్పారు. మూడేళ్ళు తిరిగేసరికి వర్గాల మధ్య తేడాలు చెరిగిపోయాయన్నది కూడా దాచకూడని నిజం.

2013లో ఎడ్మండ్ సోనుగా-బార్క్ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూసింది. చికిత్స సంగతి తెలియని పరిశీలకులు వేసిన మార్కులు మాత్రమే తీసుకుంటే, ప్రవర్తన చికిత్స అసలు లక్షణాలను తగ్గించిందన్న ఆధారం బలహీనపడింది. మరుసటి ఏడాది అదే వరుసలో వచ్చిన విశ్లేషణలో తల్లిదండ్రుల తీరు, పిల్లల మొండితనం మాత్రం నిజంగానే మెరుగయ్యాయి. పిల్లలకు మాత్రమే విడిగా నేర్పే 'సోషల్ స్కిల్స్' తరగతుల మీద వైద్య అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2019 సమీక్షకు చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. కాబట్టి "పిల్లాడిని వదిలేసి వెళ్ళండి, మేం చూసుకుంటాం" అనే ఏ కేంద్రం గురించైనా ఒకసారి ఆలోచించాలి. పైగా సమస్యలున్న కౌమారులను ఒకచోట చేరిస్తే ఒకరిని చూసి ఒకరు చెడిపోయే ప్రమాదం ఉందని 1999లోనే పరిశోధకులు హెచ్చరించారు. పెద్దలు గదిలో ఉండడం మర్యాద కోసం కాదు, చికిత్సే అది.

బ్రిటన్ మార్గదర్శకాలు 2018లో అయిదేళ్ళలోపు పిల్లలకు తల్లిదండ్రుల బృంద శిక్షణనే మొదటి మెట్టుగా పెట్టాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లో నాలుగైదేళ్ళ పిల్లలకు ముందు తల్లిదండ్రుల శిక్షణ, ఆరేళ్ళు దాటినవాళ్ళకు మందుతోపాటు ప్రవర్తన చికిత్స అంది.

ఇదంతా బయటిదేశాల కొలత. మన దగ్గర మొదటి చిక్కు, కుటుంబం అంటే ఎవరు అన్నదే. ఆ పుస్తకాల్లో అమ్మ, నాన్న, పిల్లలు. గుంటూరు బ్రాడీపేట ఇంట్లో నాయనమ్మ, తాతయ్య, ఒక్కోసారి బాబాయి కూడా. అమ్మ పదిసార్లు కాదన్న ఫోన్‌ను నాయనమ్మ "పోనీలేవే, ఏడుస్తున్నాడు" అని ఒక్కసారి ఇస్తే, ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుందన్న ఆశ వాడిలో ఇంకా గట్టిపడుతుంది. ఎప్పుడూ దొరికేదాని కన్నా అప్పుడప్పుడు దొరికేదాని కోసమే మనిషి ఎక్కువ పట్టుబడతాడు. నాయనమ్మను తప్పుపడితే పని జరగదు. ఆమెను గదిలో కూర్చోబెట్టి, పాయింట్ల కాగితం ఆమె చేతికే ఇస్తే జరుగుతుంది. ఇంట్లో ఓపిగ్గా కూర్చుని చూసే తీరిక చాలాసార్లు ఆవిడకే ఉంటుంది.

నాన్నల కష్టం వేరు. ఆటోనగర్‌లో షెడ్డు నడిపేవాళ్ళూ, సీజన్లో మిర్చి యార్డులో తెల్లవారుజామునే ఉండాల్సినవాళ్ళూ మంగళవారం సాయంత్రం నాలుగింటికి రాలేరు. ఆదివారం పెడితే వస్తారు. కొందరు నాన్నలకు తమలోనే ఆ లక్షణాలు ఉన్నాయని అక్కడే మొదటిసారి అనుమానం వస్తుంది. తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదిది. తల్లికి ఆ లక్షణాలు ఎక్కువగా ఉన్నచోట శిక్షణ ఫలితం బాగా తగ్గిందని 2002 నాటి ఒక బ్రిటిష్ అధ్యయనం చూపింది. తాళాలే మరిచిపోయే మనిషిని రోజూ పాయింట్లు రాయమంటే ఎలా? వాళ్ళకు కూడా సాయం కావాలి.

హాస్టల్ ప్రస్తావన లేకుండా విజయవాడ, గుంటూరు, ఈ రెండు ఊళ్ళలో చదువు గురించి మాట్లాడలేం. "హాస్టల్లో వేస్తే దారికొస్తాడు" అన్నది ఇక్కడ మందు కన్నా ముందు వినిపించే సలహా. బెల్లూ టైంటేబుల్లూ ఉన్నచోట కొందరు పిల్లలు మొదట్లో నిజంగానే కుదురుకున్నట్టు కనిపిస్తారు. తర్వాత స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు, ర్యాంకుల పట్టికలు వచ్చిపడతాయి. ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడం ఎవరికి అన్నిటికన్నా కష్టమో వాళ్ళకే ఆ శిక్ష పడుతుంది. ఇంటి గొడవ తీరదు, దసరా సెలవులకు వాయిదా పడుతుంది. రోజువారీ సాయంత్రాలే పాఠశాలగా సాగే చికిత్సకు సాయంత్రాలు ఇంట్లో లేని పిల్లాడు అందడు. ఈ చికిత్స మొదలుపెట్టాలనుకునే ఇంటివాళ్ళు ఆ ఏడాదికి హాస్టల్ ఆలోచన పక్కన పెట్టడం మంచిది. ఇక బడిలో దెబ్బల సంగతి: 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "నాలుగు తగిలించండి సార్, మేమేం అనుకోం" అని అనుమతిచ్చే హక్కు తల్లిదండ్రులకు లేదు.

పరువు భయం మిగిలింది. గుంటూరులో ఏ గదిలో ఎనిమిది కుటుంబాలు కూర్చున్నా అందులో ఒకరు ఏదో వరసకు చుట్టం అవుతారు. రేపు అమ్మాయి పెళ్ళి సంబంధం దాకా ఈ మాట పోతుందేమో అన్న భయాన్ని మూఢనమ్మకం అని కొట్టేయలేం. గదిలో విన్నది గదిలోనే ఉండాలన్న ఒప్పందం మొదటిరోజే నోటితో అనిపించాలి. రెండు ఊళ్ళ మధ్య దూరం 35 కిలోమీటర్ల చుట్టుపక్కలే కాబట్టి ఇక్కడివాళ్ళు అక్కడికి, అక్కడివాళ్ళు ఇక్కడికి వెళ్ళడం కూడా ఒక దారి.

ఎక్కడ అడగాలి? గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనూ మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. నిర్ధారణకు అవి మంచి మొదటి మెట్టు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. బృంద చికిత్స అని బోర్డు పెట్టినచోట అడగాల్సినవి: పెద్దలు ప్రతి వారం కూర్చుంటారా? ఇంటికి పని ఇస్తారా? నడిపేది అర్హత ఉన్న సైకాలజిస్టో మానసిక వైద్యుడో అవునా? స్కూలు టీచరుతో మాట్లాడతారా? ఒకటి రెండు నెలల తర్వాత మళ్ళీ పిలుస్తారా? చివరిది ముఖ్యం, ఎందుకంటే కొత్త క్లాసు, కొత్త టీచరు, త్రైమాసిక పరీక్షలు వచ్చేసరికి పాత గొంతు మళ్ళీ లేస్తుంది.

వారాలు అయిపోయాక మిగిలేది వాట్సాప్ గ్రూపు. "ఇవాళ అరిచేశానండీ" అని రాత్రి పదింటికి రాసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. మార్కుల ఫొటోలు పెట్టడం మొదలైన రోజున మాత్రం అది ఇంకో స్కూలు గ్రూపు అయిపోతుంది. మందుల చీటీలు పంచుకోవడం ఇంకా ప్రమాదం. మిథైల్‌ఫెనిడేట్ ఏడీహెచ్‌డీకి వాడే మందు, డాక్టరు చీటీ మీద తప్ప అమ్మకూడదు. దాని మోతాదును ఒక్కో పిల్లాడికి కొద్దికొద్దిగా పెంచుతూ, ఆకలి, నిద్ర, బరువు, నాడి చూసుకుంటూ డాక్టరే నిర్ణయిస్తారు. పక్కింటి పిల్లాడికి సరిపోయిన మాత్ర ఇంకో పిల్లాడికి రాత్రంతా నిద్ర లేకుండా చేయవచ్చు.